బీటెక్, బీఎస్సీ తరువాత అకౌంటింగ్‌లోకి: ముందు లెక్క, ఆ తరువాతే కోర్సు

ఇంజినీరింగో, బీఎస్సీయో, బీఫార్మసీయో, బీఏనో పూర్తిచేసి, కొంతకాలం మరో ఉద్యోగంలోనో పోటీ పరీక్షల సన్నద్ధతలోనో గడిపిన తరువాత అకౌంటింగ్ వైపు రావాలనుకునేవారు తెలుగు రాష్ట్రాలలో చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది మొట్టమొదట అడిగే ప్రశ్న “ఏ కోర్సులో చేరాలి?” అన్నది. సీఏనా (చార్టర్డ్ అకౌంటెన్సీ), సీఎంఏనా (వ్యయ అకౌంటింగ్), ఏసీసీఏనా (బ్రిటన్ అర్హత), అమీర్‌పేటలో శాప్ ఫైకోనా (పెద్ద కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు) అని వారాల తరబడి ఆరా తీసి, ఎవరి మాటో నమ్మి లక్షల్లో ఫీజు కట్టి, మూడో నెలలో జర్నల్ ఎంట్రీ (లావాదేవీని పుస్తకంలో రాసే తొలి పద్దు) దగ్గరే ఆగిపోయినవారు తక్కువేమీ కాదు. ఈ మార్గదర్శి ఆ క్రమాన్ని తిరగవేయమని చెబుతుంది. ముందు పద్దులు రాయడం నేర్చుకోవాలి, తరువాత ఒక చిన్న కార్యాలయంలో నిజమైన లెక్కల మీద పనిచేయాలి, ఆపైనే ఏ అర్హతకు కూర్చోవాలో తేల్చుకోవాలి. ఈ క్రమంలో వెళితే వృత్తి నచ్చనివారు తక్కువ నష్టంతో బయటపడతారు, నచ్చినవారు కోర్సులో చేరేనాటికి అక్కడి పాఠాలను పనితో పోల్చి చూసుకోగలుగుతారు.

మొదటి దశ: పని ఎలా ఉంటుందో తెలుసుకోవడం

అకౌంటింగ్ అంటే కూడికలు, తీసివేతలు అనుకుని వచ్చేవారు ఒక విషయం ముందే గ్రహించాలి. గణితంలో గొప్ప ప్రతిభ ఇక్కడ అవసరం లేదు. శాతాలు, నిష్పత్తులు వస్తే చాలు. కావలసింది గడువు పట్ల భయభక్తులు, ఒక్క రూపాయి తేడా వచ్చినా దాని మూలం దొరికేదాకా వదలని ఓపిక, ప్రతి అంకె వెనుక ఒక కాగితం ఉండాలన్న పట్టుదల.

ఒక మధ్యతరహా సంస్థలో అకౌంటెంట్ నెల ఎలా నడుస్తుందో చూడండి. గడచిన నెలలో కోసిన టీడీఎస్‌ను (చెల్లింపు నుంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్నును) 7వ తేదీలోగా ప్రభుత్వానికి కట్టాలి. 10వ తేదీకి వృత్తి పన్ను ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నెల జీతం 15,000 దాటి 20,000 వరకు ఉంటే 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు కోస్తారు. 11న అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 దాఖలు చేయాలి. 14న మన సరఫరాదారులు చూపిన బిల్లుల ఆధారంగా, మనం వాడుకోగల కొనుగోలు పన్ను పట్టిక అయిన జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. 15వ తేదీ భవిష్యనిధికి, ఈఎస్ఐకి గడువు. 20న నెల సారాంశ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీ దాఖలు చేసి పన్ను కట్టాలి. వార్షిక టర్నోవరు 5 కోట్ల వరకు ఉన్న వ్యాపారాలు మూడు నెలలకోసారి రిటర్నులు వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు గానీ, ఆ వెసులుబాటు తీసుకోని చోట ఈ చక్రం ప్రతి నెలా తిరుగుతూనే ఉంటుంది. వీటి మధ్య బిల్లుల నమోదు, చెల్లింపులు, బ్యాంకు లెక్కల సరిపోలిక, జీతాల తయారీ నడుస్తాయి. మార్చి చివర సంవత్సరాంతపు ముగింపు, ఏప్రిల్ నుంచి ఆడిటర్ల ప్రశ్నలు, ఆపై ఆదాయపు పన్ను రిటర్నుల రద్దీ మొదలవుతాయి.

ఈ వర్ణన చదివినప్పుడు విసుగు పుట్టినవారు ఇక్కడే ఆగి ఆలోచించుకోవడం మంచిది. ప్రతి నెలా ఒకే పని వచ్చినా, అది తప్పు లేకుండా పూర్తయినప్పుడు కలిగే తృప్తి తమకు సరిపోతుందా అని వారు తమను తాము అడిగి చూసుకోవాలి. పరిచయస్తులలో ఎవరైనా అకౌంటెంటు ఉంటే, ఏదైనా నెల 18, 19 తేదీల్లో వారి కార్యాలయంలో ఒక పూట కూర్చోవడానికి అనుమతి అడగండి. వృత్తి నిజస్వరూపం ఆ రెండు రోజులలో కనిపించినంతగా ఏ కౌన్సెలింగ్‌లోనూ కనిపించదు.

రెండో దశ: జంటపద్దు విధానాన్ని కాగితం మీద నేర్చుకోవడం

జంటపద్దు అంటే ప్రతి లావాదేవీనీ డెబిట్, క్రెడిట్ అనే రెండు వైపులా రాయడం. కంప్యూటరు ముట్టుకోకముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు కాగితం మీద పని చేయాలి. దీనికి అతి చౌకైన, అతి మంచి సాధనం తెలుగు మాధ్యమంలోని ఇంటర్మీడియట్ వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకం. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలన్స్), వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలన్స్ షీటు) అని సీఈసీ, ఎంఈసీ విద్యార్థులు చదువుకునే ఆ అధ్యాయాలే ఈ వృత్తికి పునాది. డిగ్రీ చేతిలో ఉన్నవారు ఇంటర్ పుస్తకం తెరవడానికి నామోషీ పడనవసరం లేదు; మాతృభాషలో ఒకసారి అర్థమైన సూత్రం తరువాత ఇంగ్లిషులో చదివినప్పుడు తేలిగ్గా పట్టుబడుతుంది. ఆ తరువాత సీఏ సంస్థ అయిన ఐసీఏఐ తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచే ఫౌండేషన్ అకౌంటింగ్ పాఠ్యసామగ్రికి వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’లో ఫైనాన్షియల్ అకౌంటింగ్ పాఠాలు కూడా దొరుకుతాయి.

సైన్సు, ఇంజినీరింగ్ నుంచి వచ్చేవారు సాధారణంగా తడబడేది డెబిట్, క్రెడిట్ అనే రెండు మాటల దగ్గరే. డెబిట్ అంటే తగ్గడం, క్రెడిట్ అంటే పెరగడం అని బ్యాంకు మెసేజిల వల్ల మనసులో నాటుకుపోయి ఉంటుంది. ఆ మెసేజి బ్యాంకు తన పుస్తకాల వైపు నుంచి పంపినది. మీరు దాచుకున్న సొమ్ము బ్యాంకుకు మీ పట్ల ఉన్న బాకీ. మీరు డబ్బు తీస్తే ఆ బాకీ తగ్గుతుంది కనుక బ్యాంకు మీ ఖాతాను డెబిట్ చేస్తుంది. మీ పుస్తకాలలో మాత్రం బ్యాంకు నిల్వ ఒక ఆస్తి. అదే లావాదేవీ మీ వైపు బ్యాంకు ఖాతాకు క్రెడిట్ అవుతుంది. ఆస్తులూ ఖర్చులూ పెరిగితే డెబిట్, అప్పులూ మూలధనమూ ఆదాయమూ పెరిగితే క్రెడిట్ అన్న ఒక్క నియమాన్ని పట్టుకుని రోజుకు ఇరవై లావాదేవీల చొప్పున రాస్తూ పోతే, నెల తిరిగేసరికి చేయి దానంతట అదే సరైన వైపుకు వెళుతుంది.

ఈ దశలో ఎక్కడ ఎక్కువ సమయం పెట్టాలో చెప్పాలి. చిట్టా రాయడం కంటే సర్దుబాట్లే అసలైన అకౌంటింగ్. జనవరి 1న ఏడాదికి సరిపడా 24,000 రూపాయల బీమా ప్రీమియం కట్టారనుకుందాం. మార్చి 31తో ముగిసే సంవత్సరానికి చెందేది మూడు నెలల 6,000 మాత్రమే. మిగతా 18,000 ముందుగా చెల్లించిన ఖర్చుగా ఆస్తుల వైపు ఉంటుంది. మార్చి నెల అద్దె ఏప్రిల్‌లో కట్టినా ఖర్చు మార్చిదే. డబ్బు చేతులు మారిన రోజు వేరు, ఆదాయవ్యయాలు ఏర్పడిన రోజు వేరు అన్న ఈ విభజన మనసుకు పట్టనివారికి బ్యాలన్స్ షీటు ఎప్పటికీ అర్థం కాదు. “సంస్థకు లాభం వచ్చింది, మరి బ్యాంకులో డబ్బు ఎందుకు లేదు?” అన్న ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు చెప్పగలిగిన రోజున ఈ దశ పూర్తయినట్టు. సరుకు అరువుకు అమ్మి ఉండవచ్చు, గోదాములో నిల్వ పేరుకుని ఉండవచ్చు, యంత్రం కొని ఉండవచ్చు, అప్పు అసలు తీర్చి ఉండవచ్చు. వీటిలో ఏది జరిగినా లాభం కాగితం మీదే ఉంటుంది, నగదు కనిపించదు.

మూడో దశ: ఒక్క బిల్లును చివరిదాకా వెంబడించడం

పాఠ్యపుస్తకానికీ ఉద్యోగానికీ మధ్య దూరం పన్నుల వల్ల ఏర్పడుతుంది. పుస్తకంలో రెండు ఖాతాలతో ముగిసే ఎంట్రీ కార్యాలయంలో ఐదు ఖాతాలు అవుతుంది. జీఎస్టీ చట్టాన్ని మొదటి సెక్షన్ నుంచి చదవబోయి అలసిపోవడం కంటే, ఒక బిల్లును తీసుకుని దాని ప్రయాణమంతా అర్థం చేసుకోవడం మేలు.

హైదరాబాదులోని ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి అదే నగరంలోని ఒక సలహాదారు వృత్తిపరమైన సేవలకు 60,000 రూపాయల బిల్లు ఇచ్చారనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ 10,800. ఇద్దరూ ఒకే రాష్ట్రంలో ఉన్నారు కనుక అది కేంద్ర జీఎస్టీ 5,400, రాష్ట్ర జీఎస్టీ 5,400గా విడిపోతుంది. బిల్లు మొత్తం 70,800. వృత్తిపరమైన రుసుము ఏడాదికి 50,000 దాటింది కనుక కంపెనీ 10 శాతం టీడీఎస్ కోయాలి. బిల్లులో జీఎస్టీని విడిగా చూపినప్పుడు టీడీఎస్‌ను జీఎస్టీ కలపని మొత్తం మీదే లెక్కిస్తారు కాబట్టి కోత 6,000. ఇప్పుడు ఎంట్రీ ఇలా వస్తుంది: సలహా రుసుము ఖాతాకు 60,000 డెబిట్, ఇన్‌పుట్ కేంద్ర జీఎస్టీకి (కొనుగోలు మీద పడి, మనం కట్టవలసిన పన్నులో తగ్గించుకోగల జీఎస్టీ) 5,400 డెబిట్, ఇన్‌పుట్ రాష్ట్ర జీఎస్టీకి 5,400 డెబిట్, చెల్లించవలసిన టీడీఎస్‌కు 6,000 క్రెడిట్, సలహాదారు ఖాతాకు 64,800 క్రెడిట్. రెండు వైపులా 70,800.

ఎంట్రీతో పని ముగియదు. ఆ 6,000 రూపాయలు తరువాతి నెల 7వ తేదీలోగా కట్టాలి. కోసి కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది. అసలు కోయడమే మరచిపోతే ఆ ఖర్చులో 30 శాతం, అంటే 18,000 రూపాయలు, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చెల్లదు. సలహాదారు తన జీఎస్టీఆర్-1లో ఈ బిల్లును చూపకపోతే అది మన 2బీలో కనిపించదు. కనిపించకపోతే ఆ 10,800ను 3బీలో వాడుకోలేము. అప్పుడు సలహాదారుకు ఫోను చేసి అడగడం అకౌంటెంటు పనే. సలహాదారు బెంగళూరు వారైతే రెండు జీఎస్టీల స్థానంలో సమీకృత జీఎస్టీ 10,800 వస్తుంది. ఆయన సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు గరిష్ఠంగా 45 రోజుల్లో, లేనప్పుడు 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే మినహాయింపుగా తీసుకోవలసి వస్తుంది.

ఈ ఒక్క బిల్లులో జంటపద్దు, జీఎస్టీ, టీడీఎస్, చెల్లింపు గడువు నాలుగూ ఉన్నాయి. ఇదే పద్ధతిలో ఒక అద్దె బిల్లు, ఒక కాంట్రాక్టరు బిల్లు, ఒక ల్యాప్‌టాప్ కొనుగోలు, ఒక జీతాల పట్టిక తీసుకుని చివరిదాకా రాయండి. కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం కోత ఎందుకు మారుతుందో, అదే ల్యాప్‌టాప్‌కు కంపెనీల చట్టం ప్రకారం మూడేళ్ల జీవితకాలం లెక్కిస్తే ఆదాయపు పన్నులో ఏటా 40 శాతం తరుగుదల ఎందుకు తీసుకుంటారో మీరే వెతికి తెలుసుకున్న తరువాత చట్టం చదివితే అది మనసులో నిలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలవుతుంది, సెక్షన్ల సంఖ్యలు మారాయి. జీఎస్టీ రేట్లు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతాల శ్రేణులకు కుదించబడ్డాయి, కొన్ని వస్తువులకు 40 శాతం ఉంది. పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి 12, 28 శాతాలతో అభ్యాసం చేయకండి. పాత బిల్లులు, పాత నోటీసులు ఇంకా కార్యాలయాలలో తిరుగుతూనే ఉంటాయి కనుక 194జే (వృత్తిపరమైన రుసుము మీద టీడీఎస్), 194సీ (కాంట్రాక్టరు బిల్లు మీద టీడీఎస్) వంటి పాత సెక్షన్ సంఖ్యలు వినిపిస్తే గుర్తుపట్టగలగాలి, కొత్త సంఖ్యలతో పనిచేయగలగాలి.

నాలుగో దశ: టాలీ, ఎక్సెల్, బ్యాంకు సరిపోలిక

చిన్న, మధ్యతరహా వ్యాపారాలలో టాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు రాకుండా ఉద్యోగం దొరకడం కష్టం. దీనికి ఆరు నెలల డిప్లొమా అక్కరలేదు. టాలీని లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడపవచ్చు. అందులో నెలలో కొన్ని తేదీలకు మాత్రమే వోచర్లు (లావాదేవీల నమోదులు) వేయనిస్తుంది, నేర్చుకోవడానికి అది చాలు. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 రాబడి, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు అన్నవి వేళ్లకు అలవాటు కావాలి. ఒక ఊహాజనిత దుకాణాన్ని సృష్టించి మూడు నెలల లావాదేవీలు వేసి, జీఎస్టీ నివేదిక, లాభనష్టాలు, బ్యాలన్స్ షీటు తీసి చూడండి. ఒక సంగతి గమనించాలి: 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి అయింది. ఎవరు, ఎప్పుడు, ఏ ఎంట్రీని మార్చారో అందులో నిలిచిపోతుంది కనుక, తప్పును చెరిపివేయకుండా సరైన సవరణ ఎంట్రీ వేసే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఎక్సెల్‌లో పివట్ పట్టికలు, సమ్‌ఇఫ్స్, ఎక్స్‌లుకప్, తేదీల లెక్కలు బాగా రావాలి. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారికి ఇది ముందే ఉన్న బలం. రెండు వేల వరుసల కొనుగోలు రిజిస్టరును 2బీతో సరిపోల్చే పని కంటితో చేస్తే రెండు రోజులు పడుతుంది; జీఎస్టీ సంఖ్యనూ బిల్లు సంఖ్యనూ కలిపి ఒక కీ చేసుకుంటే పూటలో పూర్తవుతుంది. కొత్తగా చేరిన చోట మీ విలువ త్వరగా తెలియజేసేది ఇలాంటి పనే.

బ్యాంకు సరిపోలికను మాత్రం ప్రత్యేకంగా అభ్యాసం చేయండి, ఎందుకంటే కొత్తవారికి మొదట అప్పగించేది సాధారణంగా అదే. మన పుస్తకంలో బ్యాంకు నిల్వ 2,40,000, బ్యాంకు స్టేట్‌మెంటులో 2,83,230 ఉన్నాయనుకుందాం. తేడా 43,230. వెతికితే, మనం ఇచ్చిన 45,000 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు. బ్యాంకు 590 రూపాయలు కోసుకుంది. ఇంటర్నెట్ బిల్లు 1,180 ఆటో డెబిట్‌లో పోయింది, మన పుస్తకంలో పడలేదు. 2,40,000కు 45,000 కలిపి, 590, 1,180 తీసివేస్తే 2,83,230 వస్తుంది. 590 కనిపించగానే అది 500కు 18 శాతం జీఎస్టీ కలిపినది అని, 1,180 కనిపించగానే వెయ్యికి జీఎస్టీ కలిపినది అని అనుభవజ్ఞులు స్టేట్‌మెంటు చూస్తూనే చెబుతారు. ఆ చూపు పుస్తకంతో రాదు, పదిపదిహేను ఖాతాలు సరిపోల్చితేనే వస్తుంది. సొంత బ్యాంకు స్టేట్‌మెంటుతో, ఇంట్లో వారి చిన్న వ్యాపారపు స్టేట్‌మెంటుతో మొదలుపెట్టండి.

ఐదో దశ: చార్టర్డ్ అకౌంటెంట్ కార్యాలయంలో తొలి ఉద్యోగం

బీకాం లేనివారి దరఖాస్తును పెద్ద కంపెనీల నియామక వ్యవస్థ తరచు మొదటి జల్లెడలోనే వదిలేస్తుంది. చిన్న సీఏ కార్యాలయాలు అలా కాదు. హైదరాబాదులోని హిమాయత్‌నగర్, విజయవాడలోని గవర్నర్‌పేట వంటి చోట్ల నలుగురైదుగురితో నడిచే కార్యాలయాలకు పని తెలిసిన మనిషి ఎప్పుడూ అవసరమే. జీతం తక్కువగా ఉంటుంది. కానీ ఒక కంపెనీలో ఒకే రకం పని ఉంటే, ఇక్కడ కిరాణా టోకు వ్యాపారి నుంచి ఆసుపత్రి దాకా పదిహేను ఇరవై మంది లెక్కలు చేతికి వస్తాయి. ఒక ఏడాది ఇక్కడ పనిచేయడాన్ని నేను ఈ మొత్తం ప్రయాణంలో అతి ముఖ్యమైన దశగా భావిస్తాను.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. రెజ్యూమేను మెయిల్‌లో పంపి ఎదురుచూడకుండా, నెల 21 తరువాత, అంటే 3బీ రద్దీ తగ్గాక, స్వయంగా వెళ్లండి. మీరు టాలీలో చేసిన మూడు నెలల దుకాణం లెక్కలు, ఒక బ్యాంకు సరిపోలిక పట్టిక, ఒక 2బీ సరిపోలిక పట్టిక ప్రింటు తీసి పట్టుకెళ్లండి. “సార్, నాది మెకానికల్ డిగ్రీ, అకౌంట్స్ సొంతంగా నేర్చుకున్నాను, ఇవి నేను చేసినవి, ఒకసారి చూసి తప్పులు చెప్పగలరా?” అని అడిగితే చాలామంది సీఏలు పది నిమిషాలు కేటాయిస్తారు. వారు తప్పులు పట్టి చూపితే రాసుకుని, సరిచేసి, వారం తరువాత మళ్లీ తీసుకెళ్లండి.

పాత డిగ్రీని దాచవలసిన పని లేదు. బీఫార్మసీ చదివినవారికి బ్యాచ్, గడువు తీరిన సరుకు, తిరిగివచ్చిన సరుకు అంటే ఏమిటో తెలుసు. హైదరాబాదు చుట్టూ ఉన్న మందుల కంపెనీలలో నిల్వల లెక్క చూసేవారికి ఆ పరిజ్ఞానం కావాలి. సివిల్ ఇంజినీర్లు నిర్మాణ సంస్థలలో కొలతల పుస్తకాన్ని, రన్నింగ్ బిల్లును, నిలిపి ఉంచిన సొమ్మును అకౌంట్స్ విభాగంలోని ఇతరుల కంటే త్వరగా చదవగలరు. మెకానికల్ వారికి ఉత్పత్తి వ్యయం సహజంగా అర్థమవుతుంది. సాఫ్ట్‌వేరు నేపథ్యం ఉన్నవారు ఈఆర్పీ వ్యవస్థల (సంస్థ పనులన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరు) వైపు తరువాత వెళ్లవచ్చు. అయితే డెబిట్, క్రెడిట్ రాకుండా శాప్ ఫైకో నేర్చుకుంటే స్క్రీన్లు గుర్తుంటాయి గానీ క్లయింటు ఏమడుగుతున్నాడో అర్థం కాదు.

దొంగ అనుభవ పత్రాల గురించి కచ్చితంగా చెప్పాలి. “రెండేళ్ల అనుభవం పెట్టిస్తాం, ఉద్యోగం గ్యారంటీ” అనే శిక్షణ కేంద్రాల జోలికి వెళ్లకండి. పెద్ద సంస్థలు భవిష్యనిధి ఖాతాలోని ఉద్యోగ చరిత్రతో సహా అన్నీ సరిచూస్తాయి. దొరికిపోతే ఉద్యోగం పోవడమే కాదు, నమ్మకమే పెట్టుబడిగా ఉన్న ఈ వృత్తిలో పేరు పోతుంది.

ఆరో దశ: అర్హతను ఎంచుకోవడం

ఇప్పుడు కోర్సు ప్రశ్నకు రావచ్చు. పనిలో ఆరు నెలలైనా గడిచి, ఆడిట్ ఇష్టమా, పన్నులు ఇష్టమా, కంపెనీ లోపలి వ్యయ విశ్లేషణ ఇష్టమా అన్నది కొంత తేలి ఉంటుంది.

సీఏ: వాణిజ్యేతర డిగ్రీలో 60 శాతం మార్కులు ఉన్నవారు తొలి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏలోని రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌లో నమోదు కావచ్చు; వాణిజ్య పట్టభద్రులకు ఆ హద్దు 55 శాతం. సీజీపీఏ విధానంలో చదివినవారు తమ విశ్వవిద్యాలయం నుంచి శాతానికి మార్చిన ధ్రువపత్రాన్ని ముందుగానే తీసుకోవాలి, ఎందుకంటే 60కి అటూ ఇటూ ఉన్నవారి దారి దాని మీదే ఆధారపడుతుంది. 60 లేనివారు నాలుగు పేపర్ల ఫౌండేషన్‌తో మొదలుపెట్టాలి, లేదా సీఎంఏ ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఆ అర్హతతో సీఏ ఇంటర్‌కు రావచ్చు. నమోదు తరువాత ఎనిమిది నెలల అధ్యయన కాలం, ఆరు పేపర్ల ఇంటర్మీడియట్, 2023 జులై నుంచి వచ్చిన కొత్త విధానంలో రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని శిక్షణ), అది ముగిశాక ఆరు నెలలు చదివి ఆరు పేపర్ల ఫైనల్. ప్రతి పేపరులో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. అన్నీ మొదటి ప్రయత్నంలో నెగ్గినా మూడేళ్లు దాటుతుంది. నాలుగైదేళ్లు పడుతుందని లెక్కవేసుకోవడమే వివేకం.

ఇక్కడ ఇంటి పరిస్థితిని నిజాయితీగా చూసుకోవాలి. ఆర్టికల్‌షిప్ కాలంలో వేరే ఉద్యోగం చేయరాదు, స్టైపెండు మీద కుటుంబం నడవదు. ఇంటి ఈఎంఐ మీ జీతం మీదే ఉంటే, రెండేళ్ల ఖర్చు ముందు కూడబెట్టుకుని దిగాలి, లేదా మరో మార్గం చూడాలి. కంపెనీల చట్టబద్ధ ఆడిట్ మీద సంతకం చేసే అధికారం సీఏలకే ఉంది కనుక సొంత ప్రాక్టీసు పెట్టాలనుకునేవారికి ఈ కష్టం తగినదే.

సీఎంఏ: ఉద్యోగం మానలేని ఇంజినీరింగ్, సైన్స్ పట్టభద్రులకు ఇది నా తొలి సూచన. ఇండియన్ కాస్ట్ అకౌంటెంట్స్ సంస్థ, లలితకళలు మినహా, డిగ్రీ పూర్తిచేసినవారిని మార్కుల శాతంతో పనిలేకుండా నేరుగా సీఎంఏ ఇంటర్మీడియట్‌లో చేర్చుకుంటుంది. ఇంటర్, ఫైనల్ రెండింటిలోనూ ఎనిమిదేసి పేపర్లు, పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో. 15 నెలల ప్రాక్టికల్ శిక్షణకు సంబంధిత ఉద్యోగానుభవాన్ని చూపించుకోవచ్చు. ఉత్పత్తి సంస్థలలో, ప్రభుత్వ రంగ సంస్థలలో దీనికి మంచి గౌరవం ఉంది. కాస్ట్ ఆడిట్ (వ్యయ లెక్కల తనిఖీ) మీద సంతకం చేసే హక్కు వీరిది.

విదేశీ అర్హతలు: యూఎస్ సీఎంఏ రెండు భాగాల పరీక్ష, ఏ డిగ్రీ ఉన్నవారైనా రాయవచ్చు, రెండేళ్ల సంబంధిత అనుభవం ఉంటేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఏసీసీఏలో 13 పేపర్లు, బీకాం వారికి వచ్చే మినహాయింపులు వాణిజ్యేతరులకు సాధారణంగా రావు. యూఎస్ సీపీఏకు (అమెరికా పబ్లిక్ అకౌంటెంట్ అర్హత) నిర్ణీత సంఖ్యలో అకౌంటింగ్ క్రెడిట్లు కావాలి కనుక బీటెక్ ఒక్కదానితో అర్హత దొరకదు, మధ్యలో వాణిజ్య కోర్సు చేయవలసి వస్తుంది. ఇవేవీ మన దేశంలో ఆడిట్ సంతకపు హక్కు ఇవ్వవు. హైదరాబాదులోని బహుళజాతి సంస్థల కేంద్రాలలో ఎదగాలనుకునేవారికి పనికివస్తాయి. ఫీజులు డాలర్లలో, పౌండ్లలో ఉంటాయి, కాబట్టి శిక్షణ కేంద్రం ఫీజుతో పాటు నమోదు, పరీక్ష, సభ్యత్వ రుసుములన్నీ కలిపి లెక్క రాసుకున్నాకే సంతకం చేయండి.

ఐసెట్ రాసి ఎంబీఏ ఫైనాన్స్ చేయడం మరో దారి. పేరున్న కళాశాలలో సీటు వస్తే ప్రాంగణ నియామకాలు ఉపయోగపడతాయి. లేనిపక్షంలో ఆ రెండేళ్లు సీఎంఏ మీద పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఏడో దశ: ఇంటర్వ్యూ, ఆ తరువాతి ఏడాది

ఏడాది అనుభవం తరువాత కంపెనీలకూ, హైదరాబాదులోని షేర్డ్ సర్వీస్ కేంద్రాలకూ (ఒక పెద్ద సంస్థ శాఖలన్నిటి లెక్కలనూ ఒకేచోట చూసే కార్యాలయాలు) దరఖాస్తు చేయవచ్చు. అక్కడ పని మూడు భాగాలుగా ఉంటుంది: కొనుగోలు నుంచి చెల్లింపు దాకా, ఆర్డరు నుంచి వసూలు దాకా, నమోదు నుంచి నివేదిక దాకా. మొదటి రెండింటిలో చేరడం తేలిక. మూడోదానిలో నెలవారీ ముగింపు, సర్దుబాట్లు, నివేదికలు ఉంటాయి కనుక ఎదుగుదల ఎక్కువ. చేరేది ఎక్కడైనా ఏడాదిన్నరలో మూడోదాని వైపు కదలడానికి ప్రయత్నించండి.

“అకౌంట్స్‌లోకి ఎందుకు వచ్చారు?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాత రంగాన్ని తిట్టడం, ఉద్యోగాలు దొరకలేదని చెప్పడం రెండూ వద్దు. “ఫలానా క్లయింటు లెక్కల్లో 2బీకి, రిజిస్టరుకు వచ్చిన తేడా నేను ఇలా పట్టుకున్నాను” అని ఒక్క పనిని వివరంగా చెప్పండి. ఎందుకు వచ్చారో దానిలోనే తెలుస్తుంది. క్లయింటు పేరు మాత్రం బయటపెట్టకూడదు, ఇంటర్వ్యూ చేసేవారు అది కూడా గమనిస్తారు. ఆపై మూలధన వ్యయానికి, రాబడి వ్యయానికి తేడా, వసూలు కాకపోవచ్చనుకునే బాకీలకు కేటాయింపు, ముందస్తు ఖర్చుల ఎంట్రీ అడుగుతారు. కాగితం ఇవ్వమని అడిగి ఎంట్రీ రాసి చూపండి.

కొత్త ఉద్యోగంలో చేరాక కనీసం ఒక పూర్తి సంవత్సరాంతపు ముగింపు, అంటే మార్చి నుంచి ఆడిట్ నివేదిక మీద సంతకం పడేదాకా, అక్కడే ఉండి చూడాలి. ఆడిటర్లు అడిగిన ప్రతి ప్రశ్ననూ, దానికి ఇచ్చిన జవాబునూ, జతపరచిన కాగితాన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. మరుసటి మార్చిలో అవే ప్రశ్నలు వస్తాయి. అప్పుడు అడగకముందే కాగితాలు సిద్ధం చేయగలిగితే, పై అధికారి మీకు ముగింపు పనిలో పెద్ద భాగం అప్పగించడానికి వెనుకాడరు. జీతం పెంపు గురించి మాట్లాడవలసింది ఆడిట్ ముగిసిన ఆ వారంలోనే.